సరస్సుల సీమలో ఇళ్ళూ, వాటి వెలలూ



పోయిన నెల మన సంఘం వాట్సాప్ గుంపులో ఒక సభ్యులు ఒక ఇంటి ప్రకటన పెట్టారు. ఇంగ్లండులో డాక్టరుగా ఉన్న వారి కుమారుడు లేక్ డిస్ట్రిక్ట్ అనే కొండసీమలో ఒక పాత రాతి ఇల్లు కొనాలని చూస్తున్నాడట. తాను ఉండటానికి కాదు, సెలవులకు వచ్చేవారికి బాడుగకు ఇవ్వటానికి. రెండు పడక గదులు, ముందర మోకాలెత్తు రాతి గోడ, పైన పలకరాయి కప్పు. వెల మన రూపాయల్లో నాలుగు కోట్లు దాటింది. ఆ డబ్బుకు మన ఊళ్ళో కల్యాణ మండపమే వస్తుందని ఒకరు, అది ఇల్లా, పశువుల కొట్టమా అని ఇంకొకరు రాశారు. రెండో ఆయన నవ్వులాటకు రాసినా ఆ మాటలో నిజముంది. ఆ సీమలో కోట్లు పలికే ఇళ్ళలో చాలావరకు ఒకప్పుడు సగం మనుషులకు, సగం పశువులకు కట్టినవే. వెల ఎట్లా ఇంత ఎక్కిందని చదవటం మొదలుపెడితే నాలుగు వందల ఏళ్ళ చరిత్ర బయటికి వచ్చింది. నడుమ మన రైలు కూడా వచ్చింది. అందుకే ఈసారి కొంచెం దూరం పోయి రాస్తున్నాము.

ముందు ఆ చోటు ఏదో చెప్పాలి. ఇంగ్లండు పటంలో వాయవ్య మూలన, స్కాట్లండుకు కొంచెం దిగువన కంబ్రియా అనే కౌంటీ ఉంది. 1974కు ముందు ఇది వెస్ట్‌మర్లండ్, కంబర్లండ్, లాంకషైరులో ఒక ముక్క, యార్క్‌షైరులో ఒక చిన్న ముక్కగా ఉండేది. దాని నడుమ ఉన్న కొండలూ సరస్సులే లేక్ డిస్ట్రిక్ట్. ఇంగ్లండులో ఎత్తయిన కొండ స్కాఫెల్ పైక్ అక్కడే ఉంది, ఎత్తు 978 మీటర్లు. అంటే మన ఏర్కాడు కొండకంటే తక్కువ. అన్నిటికంటే పెద్ద సరస్సు విండర్మియర్ కూడా అక్కడే. అంత సీమలో స్థిరంగా ఉండే జనం సుమారు 41 వేలు. ఏటా చూడవచ్చేవారు కోటిన్నరకు పైన. తమిళ మాధ్యమంలో చదివిన మాబోటివారు కూడా ఇంగ్లీషు పాఠంలో వర్డ్స్‌వర్త్ పసుపుపూల పద్యం బట్టీ పట్టిన వారే. ఆ పూలు పూసింది అక్కడే.

ఇక ఇళ్ళు. ఆ కొండల్లో జమీందారుల కోటల కంటే చిన్న రైతుల ఇళ్ళే ముఖ్యం. స్కాట్లండు సరిహద్దు దగ్గర కాబట్టి అక్కడి రైతులకు ఒక వింత హక్కు ఉండేది. దండయాత్ర వస్తే ఆయుధం పట్టి పోవాలి, దానికి బదులు భూమి తరతరాలకూ వారిదే. దొర మారినా రైతు చనిపోయినా కొంత రుసుము కట్టి కొడుకు అదే భూమి మీద కూర్చుంటాడు. 1603లో స్కాట్లండు రాజే ఇంగ్లండుకూ రాజయ్యాడు. సరిహద్దు యుద్ధమే లేనప్పుడు ఆ హక్కు ఎందుకని దొరలు లేచారు. రైతులు వంతులేసుకుని వ్యాజ్యం నడిపారు. 1625లో తీర్పు రైతుల వైపు వచ్చింది. భూమి పోదు అని గట్టి నమ్మకం కుదిరాక వారు చేసిన మొదటి పని ఏమిటంటే, మట్టి, కొయ్య ఇళ్ళు పీకి రాతి ఇళ్ళు కట్టుకోవటం. ఆ ఊళ్ళలో పాత ఇళ్ళ వాకిలి పైన చెక్కిన సంవత్సరాలు చూస్తే 1600ల నడిమి నుండి 1700ల మొదటి సగం వరకే దండిగా ఉంటాయట. సంవత్సరం పక్కన మొగుడి పేరులో, పెళ్ళాం పేరులో మొదటి అక్షరాలు కూడా ఉంటాయి. పట్టా చేతికొచ్చాకే పెంకుటిల్లు మిద్దె అవుతుందన్నది మన ఊళ్ళలోనూ చూసినదే.

ఈ రైతులను అక్కడ స్టేట్స్‌మన్ అంటారు. రాజకీయ నాయకుడని కాదు, సొంత ఎస్టేటు గలవాడని. వారి ఇల్లు పొడుగ్గా ఉంటుంది. నడుమ అడ్డంగా ఒక నడవ. ఒక పక్క పొయ్యి ఉన్న పెద్ద గది, దాని వెనుక పడక గది. ఇంకో పక్క పనిముట్లు, వంట సరుకు, కొన్నిచోట్ల పశువులు. గోడ మందం రెండు మూడు అడుగులు. కొట్టాలు ఇంకా తమాషా. కొండ వాలును ఆనుకుని రెండంతస్తులుగా కడతారు. పై వాలు నుండి బండి నేరుగా పై అంతస్తులోకి పోతుంది, అక్కడ గడ్డి, ధాన్యం. కింది వాలు నుండి పశువులు కింది అంతస్తులోకి పోతాయి. పైనుంచి గడ్డి తోస్తే చాలు, మోయనక్కర లేదు. ట్రౌట్‌బెక్ అనే ఊరిలో టౌనెండ్ అనే ఇల్లు 1626లో బ్రౌన్ అనే రైతు కుటుంబం కట్టింది. అదే కుటుంబం ఆ ఇంట్లో మూడు వందల ఏళ్ళకు పైగా ఉంది. ఆ మూడు వందల ఏళ్ళూ ఆ ఇంటికి అంగడి వెల అన్న ప్రశ్నే రాలేదు. ఇంటి వెలల చరిత్ర రాసేటప్పుడు ఈ మాట మొదట చెప్పుకోవాలని మాకు తోచింది.

ఆ రైతులు ఎందుకు పోయారు? భూమి చాలక వారు ఇంట్లో ఉన్ని వడికేవారు. కొన్ని ఇళ్ళకు బయట కొయ్య వసారా పైన ఉంటుంది, వెలుతురులో కూర్చుని రాట్నం తిప్పటానికి. 1780ల తరువాత లాంకషైరు, యార్క్‌షైరు మిల్లులు ఆ వడికే పని మింగేశాయి. 1815లో నెపోలియన్ యుద్ధం అయిపోయి ధాన్యం ధరలు పడ్డాయి. అప్పులు మిగిలాయి. 1801లోనే వర్డ్స్‌వర్త్ తన పద్యాల పుస్తకాన్ని ఫాక్స్ అనే పెద్ద రాజకీయ నాయకుడికి పంపి, ఈ చిన్న రైతుల కుటుంబాలు చెదిరిపోతున్నాయని ఉత్తరం రాశాడు. చోళమండల తీరంలో మన తెలుగు నేతవారి మగ్గాలను ఆపించినది కూడా ఆ లాంకషైరు మిల్లు గుడ్డే. సభ్యుల్లో నేత కుటుంబాల వారికి వేరే చెప్పనక్కర లేదు. ఆ కొండల్లో రాట్నం ముందు కూర్చున్న రైతు భార్యా, ఇక్కడ మగ్గం గుంటలో కూర్చున్న మన తాతా ఒకరినొకరు చూసుకోలేదు గాని దెబ్బ తిన్నది ఒకే చేతిలో.

ఇప్పుడు రైలు. ఈ భాగం కొంచెం పొడుగు అయితే క్షమించండి, ముప్పై ఏళ్ళ ఉద్యోగం.

1844లో కెండల్ పట్టణం నుండి విండర్మియర్ సరస్సు దగ్గరకు రైలు దారి వేస్తామని ఒక కంపెనీ బయలుదేరింది. వర్డ్స్‌వర్త్‌కు అప్పటికి 74 ఏళ్ళు, ఆస్థాన కవి. పత్రికలో పద్యమూ ఉత్తరాలూ రాసి గట్టిగా ఎదిరించాడు. కూలి జనం రైలెక్కి గుంపులుగా వస్తే ఆ చోటు చెడుతుంది, వారికి దాని అందం అర్థం కాదు అన్నది ఆయన వాదంలో ఒక భాగం. అది మాకు నచ్చలేదు. మూడో తరగతి టికెట్టు వాడికి కొండ చూసే కన్ను ఉండదని ఎవరు చెప్పారు? అయితే ఆయన గురించి ఇంకొక సంగతి చెప్పాలి. ఇంత గొప్పవాడు చివరి 37 ఏళ్ళు ఉన్న రైడల్ మౌంట్ ఇల్లు సొంతం కాదు, బాడుగ ఇల్లే. అంతకు ముందు ఉన్న డవ్ కాటేజీ కూడా బాడుగే. ఒకసారి ఇల్లు ఖాళీ చేయవలసి వస్తుందన్న భయంతో 1826లో పక్కన ఒక చిన్న స్థలం కొన్నాడు. ఖాళీ చేయించలేదు కాబట్టి ఇల్లు కట్టలేదు. కూతురు చనిపోయాక ఆ స్థలంలో పూల మొక్కలు నాటారు.

ఎదిరించినా రైలు వచ్చింది. 1847 ఏప్రిలులో దారి తెరిచారు. సరస్సు ఒడ్డుదాకా పోలేదు, మైలు దూరంలో బర్త్‌వెయిట్ అనే చిన్న పల్లె దగ్గర ఆగిపోయింది. కంపెనీవారు స్టేషనుకు సరస్సు పేరే పెట్టారు, విండర్మియర్ అని. కొన్నేళ్ళకు పల్లె పాత పేరు మరిచిపోయి ఊరే విండర్మియర్ అయింది. స్టేషను పేరు ఊరిని మింగటం మనకు కొత్త కాదు.

స్టేషను వచ్చిన పదేళ్ళలో చుట్టూ హోటలు, చర్చి, అంగళ్ళు, బాడుగ గదుల వరుసలు, వాలు మీద పెద్ద బంగళాలు లేచాయి. మాంచెస్టరు మిల్లు యజమానులు కుటుంబాన్ని ఇక్కడ పెట్టి తాము రైలులో పోయివచ్చే ఏర్పాటు చేసుకున్నారు. తరువాతి కాలంలో వారికోసం విండర్మియర్ నుండి మాంచెస్టరుకు ప్రత్యేక క్లబ్బు పెట్టెలు కూడా నడిచాయి. టికెట్టు మీద అదనంగా చందా కట్టిన సభ్యులకే ఆ పెట్టె. ఒకరి కుర్చీలో ఇంకొకరు కూర్చోరు. సీజన్ టికెట్టు గల మన అరక్కోణం, చెన్నై ప్రయాణీకులు కూడా కిటికీ సీటుకు అట్లాగే పట్టుబడతారు, చందా లేకుండానే.

ఆ సరస్సు ఒడ్డున పెద్ద ఇళ్ళ జాబితా చూస్తే డబ్బు ఎక్కడినుండి వచ్చిందో తెలుస్తుంది. స్టార్స్ హాల్ యజమాని జాన్ బోల్టన్, లివర్‌పూల్ బానిసల వ్యాపారి. రే కాసిల్ అనే ఉత్తుత్తి కోటను 1840లలో కట్టించినది లివర్‌పూల్ డాక్టరు ఒకాయన, పెట్టుబడి భార్యకు వచ్చిన జిన్ సారాయి ఆస్తి. బ్లాక్‌వెల్ అనే అందమైన ఇంటిని 1900 ప్రాంతంలో కట్టించినది మాంచెస్టరు బీరు వ్యాపారి. బ్రాడ్ లీస్ కట్టించినది యార్క్‌షైరు బొగ్గు గనుల యజమాని. బ్రాక్‌హోల్ మాంచెస్టరు పట్టు వర్తకుడిది. ఒక్కటి కూడా ఆ కొండల్లో సంపాదించిన డబ్బు కాదు. స్థలం వెల అక్కడి గొర్రెల రాబడిని బట్టి కాక మాంచెస్టరు లాభాలను బట్టి నిర్ణయం కావటం అప్పుడే మొదలైంది. నేడు లండను జీతాలను బట్టి నిర్ణయం అవుతున్నది, అంతే తేడా.

మాంచెస్టరు ఇళ్ళు కట్టటంతో ఆగలేదు, నీళ్ళు కూడా తీసుకుపోయింది. థర్ల్‌మియర్ సరస్సుకు కట్ట వేసి 1894 నుండి నీరు పట్టుకుపోయారు. తరువాత హాస్‌వాటర్ వంతు. అక్కడ మార్డేల్ అనే ఊరు 1930లలో నీటిలో మునిగింది. చర్చి, సారాయి సత్రం, ఇళ్ళు పడగొట్టి, సమాధులు తవ్వి వేరే ఊరికి మార్చారు. ఎండ తీవ్రమైన ఏళ్ళలో నీరు తగ్గితే ఆ ఊరి గోడలూ వంతెనా పైకి అగుపడతాయి. మేట్టూరు ఆనకట్టలో నీరు తగ్గినప్పుడు పాత గుడి నంది అగుపడటం మనవాళ్ళు చూసే ఉంటారు.

ఇక ఇళ్ళ రకాలు. ఇంగ్లండులో ఇల్లు అమ్మేటప్పుడు ముందు రకం చెబుతారు, తరువాతే గదులు. డిటాచ్డ్ అంటే నాలుగు పక్కలా ఖాళీ ఉన్న విడి ఇల్లు. సెమీ అంటే ఒక గోడ పంచుకున్న జంట ఇల్లు. టెర్రస్ అంటే మనం అనుకునే మిద్దె పైభాగం కాదు, వరుసగా గోడ గోడకు అతికిన ఇళ్ళు. మన రైల్వే క్వార్టర్సు లైను ఇళ్ళు ఉన్నాయే, అవే. లేక్ డిస్ట్రిక్టులో టెర్రసులు పలకరాయి గనుల దగ్గర, స్టేషను ఊళ్ళలో పనివారికి కట్టినవి. ఎల్టర్‌వాటర్ అనే చిన్న ఊరిలో 1824 నుండి సుమారు వందేళ్ళు తుపాకి మందు తయారయింది. ఆ కార్ఖానా స్థలంలో ఇప్పుడు సెలవు ఇళ్ళున్నాయి, ఏడాదికి ఒక వారం చొప్పున వాటా కొనే పద్ధతి ఆ దేశంలో ముందుగా వచ్చిన చోట్లలో అది ఒకటి. ఇక బంగళా అనే మాట మన దేశం నుండే పోయింది. మనకు బంగళా అంటే దొరగారి ఇల్లు. అక్కడ బంగళా అంటే మేడ లేని ఒంటి అంతస్తు ఇల్లు, ఎక్కువగా మోకాళ్ళ నొప్పి వచ్చిన పదవీ విరమణ వారిది. 1870 ప్రాంతంలో కెంట్ సముద్రతీరంలో మొదలై అన్ని పల్లెలకూ పాకింది.

1919లో అడిసన్ చట్టం వచ్చాక పల్లె కౌన్సిళ్ళు కూడా సర్కారు బాడుగ ఇళ్ళు కట్టాయి. సాదా ఇళ్ళు, ముందర కూరగాయల తోట. గని కూలి, గొర్రెల కాపరి కొడుకు, పోస్టుమాను, రైల్వే పోర్టరు అందరూ వాటిలోనే ఉన్నారు. యుద్ధకాలంలో విండర్మియర్ ఒడ్డున నీటిమీద దిగే విమానాల కార్ఖానా పెట్టి, పనివారికి కాల్గార్త్ అని ఒక ఊరే కట్టారు. 1945లో జర్మనీ శిబిరాల నుండి బతికి బయటపడిన సుమారు 300 యూదు పిల్లలను ముందు ఆ ఇళ్ళలోనే ఉంచారు. ఒక్కొక్కరికి ఒక పరుపు, తెల్ల దుప్పటి. ఆ ఊరు ఇప్పుడు లేదు, ఆ స్థలంలో బడి ఉంది.

బయటి డబ్బంతా ఒకే తీరు అనటానికి లేదు. బియాట్రిక్స్ పాటర్ లండను ధనిక కుటుంబం పిల్ల. పదహారో ఏట తండ్రి ఎండాకాలానికి రే కాసిల్ బాడుగకు తీసుకుంటే వచ్చింది. కుందేలు కథల పుస్తకాల రాబడితో, ఒక చిన్నమ్మ రాసిచ్చిన సొమ్ముతో 1905లో హిల్ టాప్ అనే పొలం కొన్నది. తరువాత ఆ ఊరి వకీలునే పెళ్ళాడి, గొర్రెలు పెంచుతూ అక్కడే ఉండిపోయింది. పొలాలు ముక్కలై సెలవు ఇళ్ళ వారి చేతికి పోతాయని వరుసగా కొంటూ పోయింది. 1943లో చనిపోతూ 4,000 ఎకరాలకు పైగా నేషనల్ ట్రస్టు అనే ధర్మ సంస్థకు రాసిచ్చింది, దేశవాళీ గొర్రెల మందలు కదపకూడదనే షరతుతో. ఆ ట్రస్టు 1895లో ముగ్గురు కలిసి పెట్టినది. ఆ ముగ్గురిలో కానన్ రాన్స్‌లీ అనే పాదిరి పాటర్ కుటుంబానికి రే కాసిల్ నాటి నుండే స్నేహితుడు. ఆమె కొన్న పొలాలు నేటికీ అమ్మకానికి రావు. ఆ ఇళ్ళకు మళ్ళీ వెల లేకుండా చేసింది ఆ ఒక్క మనిషి.

అసలు వెల పెరుగుదల 1947 తరువాతి కథ. ఆ ఏటి చట్టంతో సర్కారు అనుమతి లేకుండా ఎవరూ కొత్త ఇల్లు కట్టరాదు. 1951లో లేక్ డిస్ట్రిక్ట్ జాతీయ వనం అయింది, అనుమతి మరీ కష్టమైంది. కొండలు చెడలేదు, అది మంచిదే. కాని ఇళ్ళ లెక్క అక్కడికి దాదాపు నిలిచిపోయింది. అదే కాలంలో రైలు వెనక్కి పోయి కారు వచ్చింది. కోనిస్టన్ ప్రయాణీకుల బండి 1958లో ఆగింది, లేక్‌సైడ్ దారి 1965లో, పెన్రిత్ నుండి కేసిక్ దారి 1972లో. 1970కి ఎం6 మోటారు రోడ్డు పెన్రిత్‌దాకా పూర్తయింది. మాంచెస్టరు వాడికి శుక్రవారం సాయంత్రం బయలుదేరితే రాత్రి భోజనానికి సరస్సు. 1969 చట్టం పాత ఇళ్ళు బాగు చేసుకునేవారికి సర్కారు సాయం ఇచ్చింది. స్నానాల గది లేని పాత ఇంట్లో ఉన్న పేదవారికి అని ఉద్దేశం. దానితో పడిపోయిన రాతి ఇళ్ళు కొని వారాంతపు ఇళ్ళు చేసుకున్నవారు దండిగా ఉన్నారు. 1974లో ఆ తలుపు మూశారు. ఈ లోపల దేశం మొత్తం మీద సగటు ఇంటి వెల 1970 చివర 5 వేల పౌండ్ల లోపు ఉన్నది 1973 చివరకు పది వేల దగ్గరకు పోయింది.

1980లో సర్కారు బాడుగ ఇళ్ళలో ఉన్నవారు వాటిని తగ్గింపు వెలకు కొనుక్కోవచ్చునని చట్టం వచ్చింది. బాడుగ కట్టి కట్టి అలసిన కుటుంబానికి సొంత ఇల్లు వచ్చింది, దాన్ని తప్పు పట్టలేము. జాతీయ వనాల్లో మాత్రం ఒక షరతు పెట్టారు. మళ్ళీ అమ్మితే ఆ ప్రాంతంలో మూడేళ్ళుగా ఉంటున్న లేదా పని చేస్తున్నవారికే అమ్మాలని. షరతు ఉన్నా ఇల్లు బాడుగ జాబితా నుండి పోయింది గదా. దాని బదులు కొత్తది కట్టటానికి స్థలమూ అనుమతీ లేవు. బాడుగ ఇల్లు అడిగే కొత్త జంటకు వరుస పొడుగైంది.

లెక్కలు ఎక్కడినుండి తెలుస్తాయని సభ్యులు అడగవచ్చు. మాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. ఇంగ్లండులో భూమి రిజిస్ట్రీ 1862లో మొదలైనా, దేశమంతా రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది 1990 డిసెంబరులోనే. 1995 జనవరి నుండి జరిగిన ఇళ్ళ అమ్మకాలు వెలతో సహా ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. ఇంటి రకానికి ఒక అక్షరం: విడి ఇంటికి డి, జంట ఇంటికి ఎస్, వరుస ఇంటికి టి, ఫ్లాటుకు ఎఫ్, మిగతావాటికి ఓ. కొత్తదా పాతదా, స్థలం సొంతమా లీజా అని ఇంకో రెండు అక్షరాలు. గూడ్సు ఆఫీసు వేగన్ రిజిస్టరులాగా చూడముచ్చటగా ఉంటుంది. ఇక్కడ గైడ్‌లైన్ విలువ ఒకటి, చేతులు మారేది ఒకటి. అక్కడ పక్కింటివాడు ఎంతకు కొన్నాడో పౌండుతో సహా తెలుస్తుంది.

ఆ లెక్కల ప్రకారం ఇంగ్లండు సగటు ఇంటి వెల 1995లో 55 వేల పౌండ్ల ప్రాంతం. అప్పటికి అది పడిపోయి ఉన్న కాలం, ఎందుకంటే 1989లో వడ్డీ 15 శాతానికి పోయి ఇళ్ళ వ్యాపారం కూలింది. తరువాత 2007 వరకు మూడు రెట్లకు పైగా ఎక్కింది. 2008 బ్యాంకుల గొడవలో కొంత దిగింది. కరోనా కాలంలో సర్కారు స్టాంపు సుంకం తగ్గించింది, పట్టణం వదిలి పల్లెకు పోవాలని అందరికీ తోచింది. 2022కు సగటు 3 లక్షల పౌండ్లు దాటింది. జీతంతో పోలిస్తే ఇంకా బాగా తెలుస్తుంది. 1997లో నడిమి రకం ఇల్లు నడిమి రకం సంవత్సర జీతానికి మూడున్నర రెట్లు. 2021లో తొమ్మిది రెట్లు. లేక్ డిస్ట్రిక్టులో హోటలు, గొర్రెలు, దుకాణం తప్ప వేరే పని తక్కువ. జీతాలు తక్కువ, వెలలు సగటుకు ఎంతో పైన.

అయితే అదే కంబ్రియాలో పడమటి తీరం చూడండి. వైట్‌హేవన్, మిల్లం ఉన్న కోప్‌లండ్ జిల్లాలో 2019లో ఇంటి వెల సంవత్సర జీతానికి మూడు రెట్లు కూడా లేదు. ఇంగ్లండు, వేల్సు రెండింటిలో అంతకంటే అందుబాటు చోటు లేదు. సెల్లాఫీల్డ్ అణు కేంద్రంలో జీతాలు మంచివి, పాత గనుల ఊళ్ళ టెర్రసు ఇళ్ళు చవక. మిల్లం ఇనుప కార్ఖానా 1968లో మూతపడింది. కొంచెం ఉత్తరాన వర్కింగ్టన్‌లో 2006 వరకు రైలు పట్టాలు పోశారు, ఆ పనీ ఆగిపోయింది. మన పాత స్టేషన్లలో ప్లాట్‌ఫారం కప్పుకు ఊతగా నిలబెట్టిన పాత పట్టాల మీద ఇంగ్లీషు కంపెనీ పేరూ సంవత్సరమూ ఉబ్బెత్తుగా పోసి ఉండటం రైల్వేలో పని చేసినవారు చూసే ఉంటారు. పట్టాలు పోసిన ఊరిలో ఇల్లు చవక, ఆ పట్టాల మీద సెలవులకు పోయిన ఊరిలో ఇల్లు బంగారం. రెండు ఊళ్ళ నడుమ దూరం కారులో గంట కూడా లేదు.

ఊరి పిల్లలకు ఇల్లు దక్కేలా చేయాలని ప్రయత్నించకపోలేదు. 1977లో అక్కడి ప్రణాళికా బోర్డు కొత్త ఇళ్ళన్నీ స్థానికులకే అని నియమం పెట్టింది. న్యాయంగానే తోస్తుంది. షక్‌స్మిత్ అనే పరిశోధకుడు దాన్ని పరిశీలించి 1981లో పుస్తకం వేశాడు. కొత్త ఇంటికి పోలేని బయటివారు పాత ఇళ్ళ మీద పడ్డారు, పాత ఇళ్ళ వెల ఇంకా ఎక్కింది. కొనేవారు తగ్గారని కట్టేవారూ వెనక్కి తగ్గారు. ఇప్పుడు కూడా అక్కడ కొత్త ఇళ్ళకు స్థానిక షరతు ఉంటుంది. ఆ షరతు ఉన్న ఇల్లు పక్క ఇంటికంటే చవకగా అగుపడుతుంది. మన సభ్యుల పిల్లలు ఎవరైనా చవక అని చూస్తే ముందు ఆ షరతు చూసుకోవాలి. బయటివారు కొని బాడుగకు ఇవ్వటానికి అది పనికిరాదు.

పన్నుల సంగతి ఇంకా విచిత్రం. 1993లో కౌన్సిలు పన్ను వచ్చినప్పుడు రెండో ఇంటికి సగం తగ్గింపు ఇచ్చారు! ఊళ్ళో ఉండని వాడికి చెత్త బండి ఖర్చు తక్కువ గదా అని కాబోలు. 2004లో ఆ తగ్గింపు కోసుకునే అధికారం కౌన్సిళ్ళకు వచ్చింది. అప్పుడు చాలామంది తమది ఇల్లు కాదు, సెలవు బాడుగ వ్యాపారం అని రాసిచ్చి, చిన్న వ్యాపారాల రాయితీలో ఏమీ కట్టకుండా తప్పుకున్నారు. 2023 ఏప్రిలు నుండి ఏడాదిలో కనీసం 70 రోజులు నిజంగా బాడుగకు ఇచ్చి ఉంటేనే అది చెల్లుతుంది. 2025 ఏప్రిలు నుండి రెండో ఇంటి మీద రెట్టింపు పన్ను వేసే అధికారం కౌన్సిళ్ళకు ఉంది. సెలవు బాడుగ ఇళ్ళకు ఉన్న ఆదాయపు పన్ను మినహాయింపులూ ఆ నెలతోనే పోయాయి. రెండో ఇల్లు కొనేటప్పుడు స్టాంపు సుంకం మీద అదనం 2016లో 3 శాతం, 2024 అక్టోబరు చివరి నుండి 5 శాతం. లెక్క వేసుకునే వారు ఇవన్నీ కలిపి వేసుకోవాలి.

మా అభిప్రాయం అడిగితే, కొనవద్దని చెప్పే అధికారం మాకు లేదు. మనమే వలస వచ్చి ఇంకొకరి ఊళ్ళో ఇళ్ళు కట్టుకున్న జనం. కాని మనం వచ్చి ఉన్నాము. ఇక్కడే పిల్లల్ని బడికి పంపాము, ఇక్కడి భాషలో పద్దులు రాశాము, ఇక్కడి గుడికి చందా ఇచ్చాము. జాతీయ వనంలో అయిదింట ఒక ఇంటికి పైగా స్థిరంగా ఎవరూ ఉండరు. కొన్ని ఊళ్ళలో చలికాలం సాయంత్రం దీపం వెలిగే ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. పిల్లలు లేక బడి మూస్తారు, బడి లేక ఉన్న కుటుంబం పోతుంది. హోటళ్ళలో పని చేసేవారు వెలలు అందక ఇరవై, ముప్పై మైళ్ళ దూరం నుండి రావాలి. బాడుగ రాబడి లెక్కలో ఇది ఏ గడిలోనూ రాయరు.

కేసిక్ ఊరివారు వేరే దారి పట్టారు. ఊరివారే ఒక గృహ ట్రస్టు పెట్టుకుని, చర్చికి చెందిన స్థలంలో 2013లో 11 ఇళ్ళు కట్టి స్థానికులకు ఇచ్చారు. పదకొండే, కాని ఊరు చేసినవి.

చూడటానికి పోయే సభ్యులకు ఒక మాట. మాంచెస్టరు వైపు నుండి వచ్చేవారు ఆక్సన్‌హోమ్‌లో బండి మారితే విండర్మియర్ పోవచ్చు. ఆ దారి ఇప్పుడు ఒంటి లైనే. అక్కడి నుండి ట్రౌట్‌బెక్ నాలుగైదు కిలోమీటర్లు, టౌనెండ్ ఇంటిని ట్రస్టు వారు చలికాలం తప్ప చూడనిస్తారు. లోపల బ్రౌన్ కుటుంబం చెక్కుకున్న రొట్టెల అల్మారా గోడలోనే ఉంది. కేసిక్ పాత స్టేషను పక్కనున్న హోటలులో కలిసిపోయింది. పట్టాలు తీసిన దారిలో థ్రెల్‌కెల్డ్‌దాకా నడిచే బాట వేశారు. 2015 వరదలో వంతెనలు కొట్టుకుపోతే మళ్ళీ కట్టి 2020 డిసెంబరులో తెరిచారు. దారి పెద్దగా ఎత్తుపల్లాలు లేకుండా చదునుగా ఉంటుంది, మన వయసువారికి ఇబ్బంది ఉండదు.